మంగళవారం పట్టీ

పోయిన నెల బీఏ పిల్లలకు క్లాసు చెప్పి వస్తుంటే స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర మెడలో ఎర్ర తువ్వాలుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. బట్టల్లోంచి మిరపకాయల ఘాటు. దగ్గరికి వెళ్లగానే నాకు తుమ్మొచ్చింది.

"కాంటా చాచా పోయిండు మేడమ్. మొన్న శుక్రారం మట్టిచ్చినం. చాచి మీకు యాదిమరువకుండ చెప్పి రమ్మన్నది. నలభై దినాల ఫాతెహాకు తప్పకుంట రావాల్నట," అన్నాడు.

అయ్యో అన్నాను. ఆయన వెళ్లిపోయాక పక్క కుర్చీలోని తోటి లెక్చరర్ "బంధువులా?" అని అడిగింది. "తెలిసినవాళ్లు" అన్నాను. తెలిసినవాళ్లట! ఆ మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో రెండు మిర్చి సీజన్లపాటు వారం వారం చెవులారా విన్నదాన్ని నేను. నా సిద్ధాంతగ్రంథంలో ఆయన పేరు లేదు, ఒక నంబరు ఉంది. పేర్లు రాయకూడదన్నది మా పరిశోధనల్లో నియమం. ఇక్కడ కూడా రాయడం లేదు. ఇది నియమం కోసం కాదు, ఆ పేరు రాసే ముఖం నాకు లేదు.

ఎనభైల నడుమ సంగతి. శారీరక శ్రమ చేసేవాళ్లలో మానసిక ఒత్తిడి, అలవాట్లు, ఆరోగ్యం అన్నది నా పరిశోధన. ఒక గ్రూపు ఆఫీసు గుమస్తాలు, ఒక గ్రూపు యార్డు కూలీలు. వారానికోసారి రక్తపోటు చూడాలి, ప్రశ్నపత్రం నింపాలి. మంగళవారం పొద్దున్నే హన్మకొండలో బస్సెక్కి కాశిబుగ్గలో దిగి, పాదరసం పెట్టె ఒక చేత్తో, కాగితాల సంచి ఒక చేత్తో ఎనుమాముల మిర్చి యార్డుకు నడిచేదాన్ని. తూకాలు మొదలయ్యేలోపు పని ముగించుకోవాలి. మొదలయ్యాయంటే అక్కడ దేవుడొచ్చి పిలిచినా పలికేవాడు లేడు.

మొదటిరోజు ఒక్క హమాలీ నా దగ్గరికి రాలేదు. ఆడపిల్ల, పైగా చేతిలో డాక్టరు పెట్టె. రక్తం తీస్తుందని ఎవడో పుకారు లేపాడు. నేను మిర్చి ఘాటుకు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, ఏడుస్తున్నదానిలా బస్తా మీద కూర్చున్నాను. అప్పుడు తూకం కాంటా దగ్గరినుంచి, యార్డంతా కాంటా చాచా అని పిలిచే ఆ పెద్దమనిషి వచ్చాడు. తెల్ల గడ్డం, లుంగీ పైకి కట్టి, బుగ్గన లవంగం. నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, "నలభై మూడు కిలోలు. సంచి పక్కకు వెడితె నలభై," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏం మాటలవి?" అన్నాను.

"కోపానికి రాకు బిడ్డా. ముప్పై ఏండ్ల సంది తూకం తూసే నౌకరి. కండ్లకు గదే అలవాటయింది. ఒట్టిదనుకుంటె కాంటా ఎక్కు."

ఎక్కాను. మాట తప్పలేదు, అంతే బరువు! చుట్టూ ఉన్న హమాలీలు ఘొల్లున నవ్వారు. నవ్వినవాళ్లు భయపడరు కదా, ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. అందరికంటే ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు చాపింది ఆయనే. ఆ తర్వాత ప్రతి మంగళవారం నన్ను చూడగానే నా బరువు చెప్పడం ఆయనకు సరదా. "సదువు ఎక్కువయింది, అద్దకిలో దిగినవ్" అనేవాడు. పొరపాటున లెక్క తప్పితే మాత్రం ఆ పూటంతా ముఖం మాడ్చుకుని తిరిగేవాడు.

యార్డులో అందరూ తుమ్ముతారు, ఆయన తుమ్మడు. "మిర్చి నన్ను గుర్తువట్టింది" అనేవాడు. బస్తా కాంటా మీదికి ఎక్కేముందు అరచేత్తో పలకను ఒకసారి చరిచి బిస్మిల్లా అనేవాడు. తూకం తేలగానే మెడ పైకెత్తి ఆ బరువు మూడుసార్లు కేకేసి చెప్పేవాడు. ఆ కేక యార్డు ఆ కొసకు వినబడాలి. మూడుసార్లెందుకని అడిగితే, "ఒకటి రైతుకు, ఒకటి రాసుకునేటోనికి, ఒకటి పైవానికి. తూసి నోరు మూసుకునేటోడు దొంగ బిడ్డా" అన్నాడు. అన్నది నన్ను కాదు. అయినా ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఎవరో చెంప మీద కొట్టినట్టే ఉంటుంది.

ఎందుకంటే ఆ మొదటిరోజే ఆయన అడిగాడు, "ఎంతొచ్చింది?" అని.

"చెప్పొద్దు చాచా. పని మొత్తం అయిపోయినంక చెప్తా."

"వారెవ్వా! తూసుడు తూస్తివి, తూకం చెప్పవా? మేం గిట్ల జేస్తె రైతులు కాంటా ఇరగ్గొడ్తరు."

మా గైడుగారి నియమం అది. అంకె చెబితే మనిషి అలవాట్లు మార్చుకుంటాడు, మారితే మనం కొలిచేది దేన్ని అనేవారు. అయితే ఆయన నిర్దయుడేం కాదు. రిజిస్టరు మొదటి పేజీలో ఒక అంకె రాసి దాని కింద ఎర్రగీత గీశారు. "ఇది దాటితే వెంటనే నాకు చెప్పు. ఆ మనిషిని డాక్టరు దగ్గరికి పంపుదాం, మన లిస్టులోంచి తీసేద్దాం. మందులు వాడేవాళ్లు కూడా మనకు పనికిరారు" అన్నారు. తప్పు నియమాలది కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మీరు జాలిపడి ఆ మాట నా కోసం అనకూడదని.

ప్రశ్నపత్రంతో నా కష్టాలు వేరు. "పని గురించిన ఆలోచనల వల్ల నిద్ర పట్టకపోవడం: ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ" అని గడగడ చదివేదాన్ని. హమాలీలు తెల్లముఖాలు వేసేవారు. చాచా లవంగం అటునుంచి ఇటు మార్చి, "ఐదు ఒక్కతీర్గనే ఇనవడుతున్నయి బిడ్డా. కిలోల లెక్కన అడుగు" అన్నాడు. ఏమీ లేకపోతే ఉత్త కాంటా, తర్వాత పావు, అర, ముప్పావు, కిలో. ఇక చూడండి, ప్రశ్నపత్రం పాటలా సాగింది.

"నిద్ర తకలీఫ్?"

"పావు."

"దిగులు, ఫికరు?"

"ముప్పావు రాయి. కాని ఒక మాట. ఫికరు బరువు కాంటా మీద రాదు బిడ్డా, మోకాళ్లల్ల వస్తది."

"కోపం?"

"కోపమా? మా యార్డు గుమస్తా మొకం జూస్తె బస్తాకు బస్తా."

సెమినార్‌లో ఆ పద్ధతి చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు. ఈ ఆలోచన ఎవరిదమ్మా అని గైడుగారు అడిగారు. "నాదే సార్" అన్నాను. నోరు జారింది కాదు, నిదానంగా, నవ్వుతూ అన్నాను. అప్పుడది చిన్న దొంగతనంలా కూడా అనిపించలేదు. ఒకసారి అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా?

ఇక పట్టీ సంగతి. చేతికి చుట్టి గాలి కొడితే బిగుసుకుంటుంది కదా, గాలి వదలగానే చెయ్యంతా జిమ్మని తేలికవుతుంది. చాచా కళ్లు మూసుకుని, "అబ్బ! తలకాయలకెల్లి బరువు దిగినట్టయింది" అనేవాడు. ఆయన పరాచికాలు ఆయనవి అనుకునేదాన్ని. కొన్ని వారాలు గడిచాక ఆయనే హమాలీలను తోలుకొచ్చి వరుసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. "జర పట్టీ కట్టిచ్చుకోన్రి. పానం హల్కగయితది" అని. తలనొప్పి ఉన్నవాడిని ముందు కూర్చోబెట్టేవాడు. నాకప్పుడు అర్థమైంది. దెబ్బ తగిలితే పట్టీ కడతారు, అది మందు. నేను వారం వారం కడుతున్నదీ మందే అనుకుంటున్నారు వీళ్లు.

చెప్పవలసింది ఒక్క మాట. ఇది మందు కాదు చాచా, కాంటా లాంటిదే, కొలుస్తుందంతే. ఆయనకంటే బాగా ఆ మాట ఎవరికి అర్థమవుతుంది? కానీ గుమస్తాల గ్రూపులో సగంమంది డుమ్మా కొడుతుంటే, నా హమాలీలు జ్వరమొచ్చినా మంగళవారం తప్పేవారు కాదు. అందుకని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

మొదటి సీజన్ సగంలో ఒక వారం ఆయన చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి చూపించాడు. "తల తిరుగుతాందని దవాఖానకు పోయిన బిడ్డా. బీపీ ఉన్నదట. దినాం ఒక గోలి ఏసుకోమన్నరు."

ఆ పూటే ఆయన పేరు కొట్టెయ్యాలి. అప్పటికే ఇద్దరు హమాలీలు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఇంకొకరు తగ్గితే గ్రూపు చాలదు, కొత్త మనిషిని చేర్చుకుని మొదటినుంచి మొదలుపెట్టాలి, అంటే ఇంకో సంవత్సరం. ఇంట్లో మా నాన్న "ఇంకెన్నాళ్లమ్మా ఈ మిర్చి చదువు" అని రోజూ గొణుగుతున్నాడు. వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. మరుసటి వారం కూడా అదే అనుకున్నాను. ఆ పై వారం అడిగాను, "గోలీలు వేసుకుంటున్నవా చాచా?" అని. నిజం చెబుతున్నా, లేదంటాడేమో అన్న ఆశతోనే అడిగాను.

"బందు వెట్టిన."

"ఎందుకు?"

"నీ పట్టీ ఉండంగ గోలీలెందుకు బిడ్డా? గోలి మింగితె కడుపుల మంట లేస్తాంది. పట్టీతోని గా తకలీఫ్ లేదు. వారానికోపారి సాలు."

నేను చదివింది మనస్తత్వశాస్త్రం. మనిషి నమ్మకం ఒంటి మీద ఎలా పనిచేస్తుంది, మందు మానేసే మనిషి ఏ కారణం వెతుక్కుంటాడు? అవన్నీ నాకు ఫస్టుక్లాసు తెచ్చిపెట్టిన ప్రశ్నలు. జవాబు నా ఎదురుగా చెయ్యి చాపి కూర్చుని ఉంది. నేను పెన్సిలు తీసుకుని 'మందులు వాడుతున్నారా' అన్న గడిలో 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. అబద్ధం కాదు కదా! ఆయన వాడటం లేదు కదా! ఎంత చక్కగా నిజం రాశానో చూడండి. ఛీ.

తర్వాత పట్టీ కట్టాను. పాదరసం ఎర్రగీత అంకె దాటి పైకే నిలబడింది. రాసుకున్నాను. గైడుగారికి నెలనెలా గ్రూపు సగటులే చూపించేదాన్ని. సగటులో ఒక మనిషి కనబడడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అలా రెండో సీజన్ కూడా గడిచింది. పాపం, ఆయన ఎంత కులాసాగా ఉండేవాడని! తల తిరగడం తగ్గిందనేవాడు. నా కోసం ఇంటినుంచి డబ్బాలో షీర్ ఖుర్మా తెచ్చాడొకసారి, చాచీ పంపిందని. "మా ఆమె రోజు అడుగుతది. పట్టీ బిడ్డ తిన్నదా, బస్సుల జాగ దొరికిందా అని" అన్నాడు. తిన్నాను. రుచిగా ఉందని కూడా చెప్పి పంపాను.

ఆఖరి మంగళవారం పెట్టె సర్దుకుంటుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"అయిపోయింది చాచా. ఇగ రాసుకునుడే."

"నీ పని అయింది. మంచిదే. గిప్పుడన్న చెప్పు, నాదెంతొచ్చింది?"

నియమం కూడా అడ్డులేదు ఇక. చెప్పొచ్చు. కానీ అంకె చెబితే ఎప్పటినుంచి అంత ఉంది అంటాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదంటాడు. అడగకపోయినా ఆ కళ్లు నన్ను చూస్తాయి. "మంచిగనే ఉన్నది చాచా" అన్నాను. "గోలీలు మాత్రం వేసుకో" అని చివర్న గొణిగాను. వినిపించుకోలేదు. మంచిగా ఉన్నవాడికి గోలీలెందుకు? ఆయన లేచి, కాంటా దగ్గరికి పోతూ, "సూస్తిరా, పట్టీ మహిమ!" అని హమాలీలకు కేకేసి చెప్పాడు.

నాకు డాక్టరేట్ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాతి సీజన్లో కాంటా దగ్గరే కుప్పకూలాడని కబురొచ్చింది. వెళ్లాను. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. నన్ను చూడగానే ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి నా వైపు చాపాడు, కట్టమని. నేను పెట్టె తేలేదు. చాచీ నా పక్కన కూర్చుని ఏడుస్తూ, "నువ్వు కట్టినన్ని దినాలు మంచిగుండె బిడ్డా. నువ్వు బందువెట్టినంకనే గిట్లయింది. నీ తప్పేమున్నది, సదువు అయిపోయినంక ఎన్ని దినాలని వస్తవ్" అంది. నేను చెయ్యని తప్పుకు నన్ను క్షమించింది ఆ తల్లి. నేను తలూపి ఆ క్షమాపణ పుచ్చుకున్నాను, చేసిన తప్పు నోట్లోనే పెట్టుకుని. మూడేళ్లు ఆయన ఆ మంచం మీదే ఉన్నాడు. నేను మళ్లీ ఆ వీధి తొక్కలేదు.

అందుకే ఫాతెహాకు వెళ్లడానికి కాళ్లు రాలేదు. వెళ్లకపోతే ఇంకా సిగ్గుచేటని వెళ్లాను. మగవాళ్లంతా బయట షామియానా కింద ఉన్నారు. లోపల చాప మీద ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. చాచీ ముసలిదైపోయింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"గీ బిడ్డనే. చెప్పలే? మా ఆయనకు పట్టీ కట్టి రెండేండ్లు కాపాడిన బిడ్డ. పైసా తీసుకోలే" అని అందరికీ పరిచయం చేసింది.

ఆడవాళ్లు నన్ను పీరుసాయిబు దర్గాను చూసినట్టు చూశారు. గోడవైపు కూర్చున్న నడివయసు మనిషి ఒకామె, పక్కింటామెనట, జరిగి నా దగ్గరికి వచ్చింది. చీర కొంగు తీసి చెయ్యి చాపింది.

"నాగ్గూడ బీపీ అన్నరు మేడమ్. గోలీలు మింగి మింగి నోరు శేదయింది. ఈ చాచి మీ పట్టీ ముచ్చట చెప్పిన కాన్నుంచి ఎదురుజూస్తాన్న. మీరు వారానికోపారి వస్తనంటె చాలు, రేపటిసంది గోలీలు బందువెడ్త."

చెయ్యి నా ఒళ్లో ఉంది. చాచీ "వస్తది, మస్తు మంచి బిడ్డ" అంటోంది. నవ్వేసి తప్పించుకోవచ్చు, అది నాకు బాగా వచ్చిన విద్యే. కానీ ఆ చెయ్యి అక్కడే ఉంది, తియ్యడం లేదు.

"వద్దమ్మా, గోలీలు మానొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "పట్టీ మందు కాదు. దానితోని ఏ రోగం తగ్గదు. ఎంతున్నదో చూస్తది, అంతే. గోలీలు ఆపితే పానం మీదికి వస్తది."

చాచీ చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో, అర్థంకాని పసిపిల్ల ముఖంలా ఉంది.

"మరి గీ మాట మా ఆయనకెందుకు చెప్పకపోతివి బిడ్డా? గోలీలు బందు వెట్టిన అని నీకు చెప్పిండట గద."

జవాబు నాకు తెలుసు. అందంగా చెప్పే భాష కూడా తెలుసు, పాతికేళ్లు చదువుకున్నాను. అయినా ఉన్నదే చెప్పాను.

"చెబితే నా సదువు ఆగిపోతదని చెప్పలే చాచీ."

చాచీ నా మణికట్టు మీది చెయ్యి తీసేసింది. తర్వాత ఆ పక్కింటామె వైపు తిరిగి, "ఇన్నవ్ గద? గోలీలు మానకు" అంది. గోడ పట్టుకుని మెల్లగా లేచి లోపలి గదిలోకి వెళ్లింది. నేను చాలాసేపు కూర్చున్నాను. చెప్పులు వేసుకుని గల్లీ దాటేదాకా ఆమె బయటికి రాలేదు.